సూది వైద్యం నేర్పే తీరుపై వైద్య ఆరోగ్య శాఖకు ఒక విశ్రాంత నర్సు బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ వైద్య ఆరోగ్య శాఖ కార్యదర్శి గారికి. నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నారాయణపేట, జోగులాంబ గద్వాల జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ప్రభుత్వ సర్వీసులో స్టాఫ్ నర్సుగా ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరై, ఇప్పుడు నల్గొండలో ఉంటున్నాను. ఆక్యుపంక్చర్‌ను, అంటే మన ఊళ్లలో సూది వైద్యం అని పిలుచుకునే దాన్ని, నిషేధించమని కోరుతూ ఈ లేఖ రాయడం లేదు. నా మోకాళ్ల నొప్పికి నేను కూడా ఆ వైద్యమే చేయించుకున్నాను, కొంత సుఖపడ్డాను. నేను అడుగుతున్నది ఒక్కటే. మనిషి ఒంట్లోకి సూది దించే వ్యక్తి ఎన్ని గంటలు నేర్చుకున్నారో, ఎవరి కళ్ల ముందు నేర్చుకున్నారో, ఏమేం నేర్చుకున్నారో చూసే బాధ్యతను ప్రభుత్వం తీసుకోవాలి. ఆ లెక్క ఎవరి దగ్గరా లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో మా ఇంట్లోనే చూశాను కనుక రాస్తున్నాను.

మా అక్క గట్టుప్పల్ వైపు ఒక ఊళ్లో గుంట మగ్గం మీద నలభై ఏళ్లు చీరలు నేసిన మనిషి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, ముందుకు వంగి, కుడి చేత్తో రోజంతా తాడు లాగీ లాగీ మెడ నుంచి భుజం దాకా ఆమెకు తీరని నొప్పి. మనిషి సన్నగా ఉంటుంది, నలభై రెండు కిలోలు. పోయినేడాది చలికాలంలో దగ్గరి పట్నంలో ఒక ఫంక్షన్ హాలులో ఉచిత సూది వైద్య శిబిరం పెట్టారని విని, పక్కింటివాళ్లతో కలిసి ఆటోలో వెళ్లింది. వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు వేసి, అందరినీ కూర్చోబెట్టే సూదులు వేశారట. ఏ మందులు వాడుతున్నావని గాని, ఏ జబ్బులున్నాయని గాని ఎవరూ అడగలేదు. మెడకూ భుజానికీ మధ్య ఉబ్బెత్తుగా ఉండే కండలో నిలువుగా సూది దింపినప్పుడు లోపల ఎక్కడో చురుక్కుమని, వెంటనే దగ్గు వచ్చిందని ఆమె తర్వాత నాకు చెప్పింది. ఆ మాట సూది వేసినాయనకు కూడా చెప్పిందట. "అది సూది పట్టుకున్నట్టమ్మా, మంచిదే" అన్నాడట.

సాయంత్రానికి ఆమెకు మెట్లెక్కితే ఆయాసం వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి, "చెల్లే, దమ్ము ఆడుతలేదు, కుడిదిక్కు ఎవలో పట్టి గుంజినట్టున్నది" అంది. శిబిరం వాళ్ల నంబరుకు చేస్తే, సూది పడ్డాక రెండు రోజులు అట్లనే ఉంటది, గోరువెచ్చని నీళ్లు తాగి పడుకో అని చెప్పారట. నేను వెళ్లి స్టెతస్కోపు పెట్టి చూసేసరికి ఎడమ వైపు గాలి చప్పుడు మామూలుగా ఉంది, కుడి వైపు పైభాగంలో దాదాపు వినిపించడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్-రేలో కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయి, దాని చుట్టూ గాలి చేరి ఉంది. దీన్ని న్యుమోథొరాక్స్ అంటారు. పక్కటెముకల మధ్య గొట్టం వేసి, దాన్ని నీళ్ల సీసాకు కలిపి ఐదు రోజులు ఉంచారు. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ సీసాలో బుడగలు లేవడం చూస్తూ అక్క మంచం పక్కన కూర్చున్నాను. అలాంటి సీసాలు సర్వీసులో ఎన్నో చూశాను కాని, ఆ ఐదు రోజులు చూసినంత సేపు ఏ సీసాకేసీ చూడలేదు.

ఎక్స్-రే తీయించేటప్పుడే ఇంకొకటి జరిగింది. జడ ఛాతీ మీద పడితే ఎక్స్-రేలో నీడ వస్తుందని, అక్క జుట్టును పైకి ముడి వేస్తుంటే నా బొటనవేలిలో ఏదో గుచ్చుకుంది. వెలుతురులో చూస్తే తలలో మిగిలిపోయిన ఆక్యుపంక్చర్ సూది. వేసిన సూదులు లెక్కపెట్టుకుని, తీసిన సూదులు లెక్కపెట్టి సరిచూసుకోవాలన్నది ఈ వైద్యంలో మొదటి రోజు నేర్పాల్సిన పాఠం. ఆపరేషన్ థియేటర్‌లో రక్తం అద్దే గాజ్ గుడ్డ ముక్కల లెక్క, కత్తెరల లెక్క కుదరనిదే కుట్లు వేయనివ్వని వృత్తిలో బతికిన నాకు, ఆ సూదిని వేళ్ల మధ్య పట్టుకున్నప్పుడు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు. ఎందుకంటే ఆ శిబిరంలో స్టీలు ట్రేలో స్పిరిట్ పోసి, సూదులను అందులో ముంచి తీసి మళ్లీ వాడారని అక్కే చెప్పింది. అంటే నా వేలిలో దిగిన సూది అంతకు ముందు ఎంతమంది ఒంట్లో దిగిందో తెలియదు. ఇద్దరం హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకున్నాం, తర్వాత గడువుల ప్రకారం మళ్లీ చేయించుకున్నాం. అన్నీ నెగటివ్ వచ్చాయి. నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడే హెపటైటిస్ బి టీకా పడింది. అక్కకు పడలేదు. ఆ రోజు కుర్చీల్లో కూర్చున్న మిగతావాళ్లలో ఎవరైనా పరీక్ష చేయించుకున్నారా అని అడిగితే, ఎవరికీ ఆ ఆలోచనే రాలేదని తెలిసింది.

స్పిరిట్‌లో ముంచితే సూది శుభ్రపడదు. ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో, 121 డిగ్రీల వేడి, ఒత్తిడి, తగినంత సమయం ఉంటేనే పరికరం స్టెరైల్ అవుతుంది, అంటే ఏ క్రిమీ మిగలదు. ఆక్యుపంక్చర్‌కైతే ఈ రోజుల్లో ఒక్కసారి వాడి పారేసే, సీలు వేసిన సూదులు చవకగానే దొరుకుతున్నాయి. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతకగలదు. అది సోకిన మనిషికి లక్షణాలు కనిపించడానికి నెలలు పడుతుంది. కామెర్లు వచ్చిన రోజున మూడు నెలల కిందటి శిబిరం ఎవరికి గుర్తుంటుంది? మన దగ్గర ఇలాంటి కేసులు బయటపడకపోవడాన్ని చూసి అవి లేవని అనుకోకూడదని నేను నమ్మడానికి కారణం ఇదే. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 1984లో ఒకే ఆక్యుపంక్చర్ క్లినిక్ నుంచి 35 మందికి హెపటైటిస్ బి సోకిందని తేలింది. వెతికే వ్యవస్థ ఉంది కాబట్టి అక్కడ తేలింది.

అక్క డిశ్చార్జి అయ్యాక సూదులు వేసినాయన్ను వెతుక్కుంటూ వెళ్లాను. గొడవ పడాలనే వెళ్లాను. ముప్ఫై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. విషయం చెప్పగానే ముఖం పాలిపోయింది. ఊపిరితిత్తి పైకొస అక్కడిదాకా ఉంటుందని తనకెవరూ చెప్పలేదని, పది రోజుల కోర్సులో చార్టు మీద సూదులు వేసే పాయింట్లు చూపించి, దూది దిండు మీద, తర్వాత ఒకరి చేతులపై ఒకరు సూదులు వేసి నేర్చుకున్నామని, చివరి రోజు సర్టిఫికెట్ ఇచ్చారని చెప్పాడు. ఆ సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి గోడకు పెట్టుకున్నాడు. డబ్బు కట్టి, నమ్మి నేర్చుకున్నాడు. ఉచితంగా సేవ చేస్తున్నాననే అనుకున్నాడు. అతన్ని మోసగాడని అనలేను. పది రోజుల్లో వైద్యం వచ్చేస్తుందని అతనికి చెప్పినవాళ్లను, అలా చెప్పడానికి అడ్డు లేకుండా వదిలేసిన మన వ్యవస్థను మాత్రం తప్పు పడతాను.

అతను సూది వేసిన చోటును ఆక్యుపంక్చర్ భాషలో జీబీ-21 అంటారు, చైనా పేరు జియాన్‌జింగ్. భుజం నొప్పికి అందరూ వాడే పాయింటే. ఊపిరితిత్తి కొస కాలర్ ఎముక కంటే పైకి, సుమారు రెండున్నర సెంటీమీటర్ల దాకా లేచి ఉంటుంది. బక్కపలచని మనిషిలో ఆ పాయింటు దగ్గర చర్మానికీ ఊపిరితిత్తి పొరకూ మధ్య దూరం రెండు సెంటీమీటర్లు కూడా ఉండకపోవచ్చు. మామూలుగా వాడే సూదుల్లో ఒకటి 40 మిల్లీమీటర్ల పొడవుంటుంది. అందుకే తెలిసినవాళ్లు అక్కడ కండను వేళ్లతో పైకెత్తి పట్టుకుని, పొట్టి సూదిని ఏటవాలుగా, పైపైనే వేస్తారు. చార్టు మీద చుక్క ఎక్కడుందో పది రోజుల్లో నేర్చుకోవచ్చు. ఆ చుక్క కింద ఏముందో, ఈ మనిషిలో అది ఎంత లోతులో ఉందో వేళ్లకు తెలియాలంటే శరీర నిర్మాణ శాస్త్రం చదవాలి, గురువు పక్కన నిలబడి వందల మందిని తాకి చూడాలి. ఛాతీ మధ్య ఎముక మీద వేసే పాయింటు సంగతీ అంతే. గట్టి ఎముక ఉంది కదా, సూది లోపలికి పోదని అనుకుంటారు. కొద్దిమందిలో ఆ ఎముకకు పుట్టుకతోనే రంధ్రం ఉంటుంది. దాని వెనక గుండె ఉంటుంది. పైనుంచి తడిమితే ఆ రంధ్రం తెలియదు. కాబట్టి అక్కడ ఎప్పుడూ నిలువుగా దించకూడదన్న నియమం చేతికి అలవాటై ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే ఆక్యుపంక్చర్ శిక్షణకూ భద్రతకూ మార్గదర్శకాలు ప్రచురించింది. వైద్య పట్టా లేనివారు ఈ వైద్యం చేయాలంటే 2500 గంటల శిక్షణ ఉండాలని, అందులో కనీసం 1000 గంటలు ప్రాక్టికల్, క్లినికల్ పనిగా ఉండాలని అందులో ఉంది. అప్పటికే డాక్టర్లయినవాళ్లు తమ పనిలో భాగంగా పరిమితంగా వాడుకోవాలన్నా 200 గంటలకు తగ్గకూడదని చెప్పింది. పది రోజుల కోర్సును రోజుకు ఆరు గంటల చొప్పున లెక్కేసినా 60 గంటలు. నర్సింగులో మూడేళ్లు చదివిన మేము మొదటి ఇంజక్షన్‌ను సిస్టర్ ట్యూటర్ పక్కన నిలబడితే తప్ప వేయలేదు. అదీ తొడ కండలోకో చేతి కండలోకో వేసే ఇంజక్షన్. ఛాతీ మీద, మెడ మీద, కంటి చుట్టూ, కడుపు మీద సూదులు వేసే వైద్యానికి అంతకన్నా తక్కువ శిక్షణ చాలని ఎవరు నిర్ణయించారు?

తగిన శిక్షణ ఉన్న చేతుల్లో ఈ వైద్యం ఎంత క్షేమమో కూడా చెప్పాలి, లేకపోతే నా మాట ఏకపక్షం అవుతుంది. బ్రిటన్‌లో వృత్తి సంఘంలో సభ్యులైన ఆక్యుపంక్చర్ నిపుణులు చేసిన 34,407 చికిత్సలను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో తీవ్రమైన హాని ఒక్కటి కూడా నమోదు కాలేదు. జర్మనీలో 2,29,230 మంది రోగులపై జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన కేసులు రెండే. అక్కడ సూదులు వేసినవాళ్లంతా డాక్టర్లు, పైగా కనీసం 140 గంటల ఆక్యుపంక్చర్ శిక్షణ పొందినవాళ్లు. రెండు లక్షల పైచిలుకు మందిలో ఇద్దరికే జరిగినది, ఒక ఫంక్షన్ హాలులో ఒక్క పూటలో మా అక్కకు జరిగింది. దాన్ని దురదృష్టం అని నేను అనుకోలేను.

నా మోకాళ్లకు వైద్యం చేయించుకున్నది హైదరాబాద్‌లో. మొదటి రోజు ఆ డాక్టరమ్మ సూది ముట్టుకోకముందు నలభై నిమిషాలు ప్రశ్నలే అడిగింది. బీపీ ఉందా, షుగరుందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, గుండెలో పేస్‌మేకర్ ఉందా, రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా, పాదాలకు స్పర్శ సరిగా తెలుస్తోందా అని ఒక్కొక్కటీ రాసుకుంది. పొద్దున ఏం తిన్నానో కూడా అడిగింది. ఖాళీ కడుపున సూదులు వేస్తే కొందరు కళ్లు తిరిగి పడిపోతారు, అందుకే పడుకోబెట్టి వేస్తారు. సూదుల ప్యాకెట్టు నా ఎదుటే చింపింది. తీసేటప్పుడు పైకి వినపడేలా లెక్కపెట్టి, సూది పొడుచుకుని బయటికి రాని గట్టి తెల్ల డబ్బాలో వేసి మూత పెట్టింది. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు సూదుల్లాంటి వాటికి చెప్పిన డబ్బా అదే. పెద్ద యంత్రాలేమీ అక్కర్లేని పనులివి. ఎందుకు చేయాలో తెలిసి ఉండాలి, అంతే.

మన దక్షిణ తెలంగాణకు ఈ సంగతి మరీ ముఖ్యమని నేననడానికి వేరే కారణం ఉంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఇప్పుడు తాగే నీళ్లు మారినా, ఎముకల్లో చేరింది చేరినట్టే ఉంది. వంగిన నడుములు, బిగుసుకుపోయిన మెడలు, మోకాళ్లు. అటు పాలమూరు వైపు వెళ్తే ముంబై, పుణె, హైదరాబాద్‌లలో ఇటుకలు, సిమెంటు మోసి తిరిగొచ్చిన వలస కూలీలు. నొప్పి మాత్రలు మింగీ మింగీ కిడ్నీలు పాడు చేసుకున్నవాళ్లను వార్డుల్లో చూశాను కనుక, మాత్ర లేకుండా నొప్పి తగ్గుతుందంటే వీళ్లు ఎందుకు పరుగెత్తుకెళ్తారో నాకు బాగా తెలుసు. కాని ఫ్లోరోసిస్ ముదిరిన వెన్నెముకలో నరాల తాడు నొక్కుకుపోతుంటే, కాళ్లు తడబడుతుంటే, మూత్రం పట్టు తప్పుతుంటే ఆ మనిషిని ఆ రోజే న్యూరో సర్జన్ దగ్గరికి పంపాలి. వెన్నెముక టీబీ ఉన్నవాళ్లకూ మొదట కనిపించేది నడుం నొప్పే. అలాంటివాళ్లకు పదిహేను సిట్టింగులు సూదులు వేస్తూ కూర్చుంటే సూది వల్ల గాయం కాకపోయినా, పోయిన కాలం వల్ల కాళ్లు పోతాయి. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకు మోక్సా వేడి, అంటే ఎండిన మూలికను కాల్చి పాయింట్ల దగ్గర పెట్టే వేడి, పెడితే చర్మం కాలుతున్నా తెలియదు. గర్భిణికి ఏ పాయింట్లు వదిలేయాలో, గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు ఎక్కడ లోతుగా వేయకూడదో తెలిసి ఉండాలి. ఈ వైద్యంలో శిక్షణ అంటే సగానికి పైగా, ఎవరికి వేయకూడదో నేర్చుకోవడమేనని నా అభిప్రాయం.

చట్టం పూర్తిగా మౌనంగా ఉందని కాదు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2003 నవంబరు 25న ఇచ్చిన ఉత్తర్వులో, రిజిస్టర్డ్ వైద్యులు గాని, తగిన శిక్షణ పొందినవారు గాని ఆక్యుపంక్చర్ చేయవచ్చని చెప్పింది. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడం గుర్తింపు పొందిన వైద్య విధానాల వారికే చెల్లుతుందనీ అందులో ఉంది. 2019లో ఆక్యుపంక్చర్‌కు స్వతంత్ర ఆరోగ్య విధానంగా కేంద్రం గుర్తింపు ఇచ్చింది. పశ్చిమ బెంగాల్ 1996లోనే, మహారాష్ట్ర 2015లో ఈ వైద్యం కోసం ప్రత్యేక చట్టాలు చేసుకున్నాయి. "తగిన శిక్షణ" అన్న రెండు మాటలకు మన జిల్లాల్లో ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటున్నారు. ఒకరికి రెండేళ్లు, ఇంకొకరికి పది రోజులు, మరొకరికి ఫోన్‌లో చూసిన వీడియోలు.

కాబట్టి ప్రభుత్వం మొదట చేయాల్సింది ఆ రెండు మాటలకు గంటల్లో అర్థం చెప్పడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన గంటలను ప్రాతిపదికగా తీసుకుని, రాష్ట్రంలో ఆక్యుపంక్చర్ చేసే ప్రతి ఒక్కరూ తమ శిక్షణ వివరాలతో నమోదు చేసుకోవాలని ఉత్తర్వు ఇవ్వండి. అవసరమైతే మహారాష్ట్ర తరహాలో చట్టం తెండి. ఇప్పటికే తక్కువ శిక్షణతో పని మొదలుపెట్టినవాళ్లను ఒక్కసారిగా వెళ్లగొట్టమని నేననను. ఆ కుర్రాడి లాంటివాళ్లకు రెండేళ్ల గడువిచ్చి, మన మెడికల్ కాలేజీల అనాటమీ విభాగాల్లో సాయంత్రపు తరగతులు పెడితే చాలామంది వస్తారు. ఆ గడువులో ఛాతీ, మెడ, వీపు పైభాగం, కడుపు, కంటి చుట్టుపక్కల పాయింట్లను వాళ్లు ముట్టుకోకూడదని షరతు పెట్టండి. వారం, పది రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలను మాత్రం వెంటనే ఆపించండి. ఇందులో గడువుకు తావు లేదు.

జిల్లా కలెక్టర్లకు, వైద్య ఆరోగ్య శాఖాధికారులకు వేరుగా ఒక విన్నపం. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం కింద ఆసుపత్రులను నమోదు చేసే జిల్లా అథారిటీకి కలెక్టర్ గారే అధ్యక్షులు. కొత్త చట్టం వచ్చేదాకా ఆగకుండా, ఉచిత శిబిరం పెట్టే ఎవరైనా ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయాలని, సూదులు వేసేవాళ్ల శిక్షణ పత్రాలు చూపాలని, ఒకసారి వాడే సూదులు, వాటికి గట్టి డబ్బా ఉంటేనే శిబిరం జరగాలని మీరు జిల్లా స్థాయిలోనే చెప్పవచ్చు. ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఒక పూట శిక్షణ ఇవ్వండి. శిబిరానికి వెళ్లొచ్చిన మనిషికి ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరం, సూది పడ్డ చోట చీము కనిపిస్తే ఎక్కడికి పంపాలో వాళ్లకు తెలిస్తే, అర్ధరాత్రి గోరువెచ్చని నీళ్ల సలహా విని నిద్రపోయేవాళ్లు తగ్గుతారు. ఆసుపత్రికి ఇలాంటి కేసు వచ్చినప్పుడు దాన్ని రాసుకునే రిజిస్టరు కూడా ఉండాలి. అక్క కేస్‌షీట్‌లో కారణం దగ్గర సూది వైద్యం అని రాశారు గాని, ఆ కాగితం నుంచి ఆ మాట ఇంకెక్కడికీ వెళ్లలేదు.

ఈ వైద్యం చక్కగా నేర్చుకుని, నిష్ఠగా చేస్తున్నవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. ఈ లేఖ వాళ్లను నొప్పించదనే అనుకుంటున్నాను. రెండేళ్లు చదివినవాళ్ల సర్టిఫికెట్టూ పది రోజుల సర్టిఫికెట్టూ ఒకే గోడ మీద ఒకేలా వేలాడుతుంటే నష్టపోయేవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

మా అక్క ఇప్పుడు బాగానే ఉంది. మగ్గం మాత్రం దిగింది. తన ఎక్స్-రేలు, కేస్‌షీట్ నకలు, పరీక్షల రిపోర్టులు అన్నీ ఒక సంచిలో కట్టి నా దగ్గర ఉంచింది. తన పేరు బయటికి రాకపోతే చాలు, ఏ అధికారి పిలిచినా వచ్చి జరిగింది జరిగినట్టు చెబుతానంది. నేనూ వస్తాను. ఆ సూదిని కూడా చిన్న సీసాలో పెట్టి దాచాను. విచారణకు అవసరమంటే తీసుకొస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
నల్గొండ